మంచినీళ్ళ రిపోర్టు

ఆ రిపోర్టు మీద సంతకం నాదే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో నాకు కోపం తెప్పించినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో మొదటిదాన్ని నేనే. నా పేరు కెజియా. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాసు. ఉంగుటూరు దగ్గర మిషను బడిలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన సుందరరావు మాస్టారి కూతుర్ని. అంకె తప్పు వేస్తే మా నాన్నగారు కంచం ముందు నుంచి లేపి మరీ దిద్దించేవారు. అలాంటి ఇంట్లో పుట్టి, ఒక తప్పు అంకె కింద నిండుగా సంతకం పెట్టాను.

రెండువేల తొమ్మిదిలో నేను తాడేపల్లిగూడెంలో శ్రీకణ అనే కంపెనీవారి ప్రాజెక్టు ఆఫీసులో పనిచేసేదాన్ని. వాళ్ళు తయారుచేసింది నానో ఎరువు. ఆ రోజుల్లో నానో అంటే జనానికి కొత్తగా వచ్చిన చిన్న కారే గుర్తొచ్చేది. మేం జీపు దిగగానే రైతులు "కారు మందు వాళ్ళొచ్చారండోయ్" అని ఆటపట్టించేవారు. నేనూ నవ్వేదాన్ని, ఆ తరవాత గట్టు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పేదాన్ని.

చెప్పాల్సింది చిన్న విషయమే. తడి మడిలో యూరియా చల్లితే అందులో సగం కూడా పైరుకు అందదు. కొంత గాలిలో కలిసిపోతుంది. కొంత నీళ్ళతో పాటు గట్టు దాటి మురుగు కాలువలోకి జారుకుంటుంది. మా పొడి ఒక రకం మట్టి. దాన్ని మామూలు మైక్రోస్కోపుకు కూడా ఆననంత సన్నటి రేణువులుగా చేసి, ఆ రేణువుల్లో ఉండే బొరియల్లో నత్రజనిని పట్టి ఉంచుతారు. అది ఒక్కసారిగా కరిగిపోదు, పైరు పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంది. బస్తా చల్లేచోట అరబస్తా చాలు. పైరుకూ లోటు ఉండదు, కాలువలోకీ విషం పోదు. నేను ఆ పొడిని నమ్మాను. జీతం కోసం నమ్మలేదు, చదువుకున్న చదువుతో నమ్మాను. ఇప్పటికీ ఆ నమ్మకం చావలేదు, అదే నా బాధ.

పొడి పనిచేస్తుందని రుజువు చేయాలంటే రెండు చూపించాలి. దిగుబడి తగ్గలేదని ఒకటి, మురుగులోకి నత్రజని పోలేదని రెండోది. దిగుబడి సంగతి ముందు ఏడాది చిన్న మళ్ళలో తేలిపోయింది. రెండోదానికోసం ఉంగుటూరు పక్కన రెండు వందల అరవై ఎకరాల చెక్క తీసుకున్నాం. ఆ చెక్కలో మురుగంతా ఒకే కాలువలో పడి, పది మైళ్ళు పోయి, చిట్టిలంక అనే ఊరి దగ్గర కొల్లేట్లో కలుస్తుంది. మధ్యలో ఇంకో కాలువ వచ్చి చేరదు. పరీక్షకు అంతకంటే అనువైన చోటు దొరకదు.

మొదటి ఏడాది దాళ్వాలో, అంటే రెండో పంటలో, రైతులు ఎప్పటిలాగే యూరియా చల్లారు. మా ఆఫీసు అటెండరు అబ్బులు వారం వారం కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, కాలువ కొల్లేట్లో కలిసే మొగ దగ్గర బకెట్టు దించి, నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చేవాడు. ఏ సీసా చూసినా నత్రజని దండిగా ఉంది. రెండో ఏడాది దాళ్వాకు చెక్క మొత్తానికీ మా పొడి ఇచ్చాం. అయితే ఆ ఏడు నవంబరు వానలకు కాలువ గట్టు నాలుగుచోట్ల తెగిపోయింది. మొగ దగ్గరికి దోనె మీద తప్ప పోవడానికి లేదు. అబ్బులుకు నీళ్ళంటే భయం. అందుకని నీళ్ళు పట్టే పని చిట్టిలంక మనిషికే అప్పగిద్దామన్నారు మా డాక్టరు కోదండరామయ్యగారు. ఆయన ప్రాజెక్టు అధిపతి, రిటైరయిన సైంటిస్టు, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి.

అలా దొరికిన మనిషి సుబ్బాయమ్మగారు. యాభై ఏళ్ళుంటాయి. భర్త రామకోటిగారు వల వేస్తారు, ఈవిడ ఆ చేపలు ప్రతి సోమవారం ఏలూరు తెచ్చి అమ్ముతుంది. ఏలూరు బస్టాండులో ఆవిడకు ఖాళీ సీసాలిచ్చి పని చెప్పాను. నా బస్సు కదలబోతోంది. మీ ఊరి దగ్గర మురుగు కాలువ కొల్లేట్లో కలిసేచోట, వారానికి రెండు సీసాలు నీళ్ళు పట్టి తీసుకురండి అన్నాను. ఆవిడ ఆశ్చర్యంగా చూసి, ఆ నీళ్ళు మీకెందుకండీ అని అడిగింది. ఆఫీసులో పెద్దవాళ్ళు చూస్తారండి అని జవాబిచ్చాను. నత్రజని అంటే ఈవిడకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. ఆ చివరి 'లే' నా ఎమ్మెస్సీ. పైగా సీసాలు శుభ్రంగా ఉండాలి, పుల్లా పుడకా పడకూడదు, చేతులు కడుక్కుని పట్టాలి అని ఒకటికి మూడుసార్లు చెప్పి బస్సెక్కాను.

"ఆయ్, అలాగేనండి. మీకు మాట రానివ్వనండి" అంది.

అన్నట్టే ఒక్క సోమవారం తప్పలేదు. తొమ్మిది వారాలు, పద్దెనిమిది సీసాలు. మొదటి సీసా మిషనులో పెట్టినప్పుడు అంకె దాదాపు సున్నా చూపించింది. మిషను పాడయిందనుకుని మళ్ళీ సరిచేసి చూశాను. అదే అంకె. మరుసటి వారమూ అదే. ముందు ఏడాదితో పోలిస్తే నూటికి తొంభై అయిదు వంతులు తగ్గిపోయింది. మేం సగానికి తగ్గితే చాలనుకున్నవాళ్ళం. కోదండరామయ్యగారు స్వీటు ప్యాకెట్టు తెప్పించి, అమ్మా కెజియా, నీ చెయ్యి మంచిదమ్మా అన్నారు. ఆ రోజు నేను ఆఫీసులో నేల మీద నడిచానో గాల్లో నడిచానో నాకే తెలియదు.

అనుమానం రాలేదా అంటే వచ్చింది. ఆ నీళ్ళు మరీ తేటగా ఉండేవి. సీసా వెనక పేపరు పెడితే అక్షరాలు చదవచ్చు. పది మైళ్ళు పొలాల మధ్య పారిన మురుగు అలా ఉంటుందా? వానల్లేవు కదా, మట్టి అడుక్కి దిగి ఉంటుంది అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. కావలసిన జవాబు ముందే చేతికొస్తే మనిషి ప్రశ్న అడగడు. మార్చి మూడో వారంలో రిపోర్టు రాసి, సంతకం పెట్టి, డాక్టరుగారి చేతికిచ్చాను. ఆయన దాన్ని కంపెనీకీ, ఏలూరులో మురుగు కాలువలు చూసే ఇంజనీర్ల ఆఫీసుకూ పంపించారు. ఇంజనీర్లకెందుకో నేను అడగలేదు. అడగాల్సినవి ఏవీ అడగకపోవడమే అప్పటికి నా ఉద్యోగం అయిపోయింది.

కంపెనీవాళ్ళు ఏలూరులో పెద్ద సభ పెట్టి పొడిని మార్కెట్లోకి వదలాలనుకున్నారు. అక్కడ పంచే పుస్తకంలో వేయడానికి ఒక ఫొటో కావాలన్నారు. సుబ్బాయమ్మగారు దోనె మీంచి వంగి సీసాలో నీళ్ళు పడుతున్న ఫొటో. అది తీసుకురావడానికి నేను చిట్టిలంక వెళ్ళాను. అదే మొదటిసారి వెళ్ళడం. రెండు పంటల పాటు ఆ ఊరి నీళ్ళు పరీక్ష చేసిన మనిషిని, ఊరు చూడటం అదే మొదలు.

ఆవిడ ఎంతో సంతోషించింది. ఆదివారం కదండీ, నేను నీళ్ళు పట్టిందీ ఆదివారాలే, సమయానికొచ్చారు అని, ఇత్తడి బిందె, తెల్లటి గుడ్డ దోనెలో పెట్టింది. నేను కెమెరా మెళ్ళో వేసుకుని ఎక్కాను. ఊరి రేవు దాటి వంద గజాలు పోగానే మురుగు కాలువ మొగ వచ్చింది. నీళ్ళు పచ్చగా, చిక్కగా, నాచు కలిపి రుబ్బినట్టున్నాయి. అంచుల వెంట నురగ. గుర్రపుడెక్క దట్టంగా పెరిగిపోయింది, దాని మధ్య వేలెడేసి చేపలు తెల్లగా వెల్లకిలా తేలి ఉన్నాయి. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని కెమెరా తీశాను.

సుబ్బాయమ్మగారు గెడకర్ర వేసి దోనె తోస్తూ ముందుకే పోతోంది.

ఆగండి, ఇక్కడే కదండీ అన్నాను. ఇక్కడ కాదండీ, ఇంకా చాలా దూరం పోవాలి అంది. ఇంకో మొగ ఉందేమో అనుకున్నాను. ఎండ ఎక్కుతోంది. ఆవిడ ఆగకుండా గంటంబావు గెడ వేసింది. ఊరు కనుమరుగైంది. చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేనిచోట, నడికొల్లేట్లో, దోనె ఆపింది. చేతులు కడుక్కుంది. పైపై నీళ్ళు చేత్తో పక్కకు నెట్టి, బిందె మూతికి గుడ్డ కట్టి, మెల్లగా ముంచింది. నిండిన బిందె నాకు చూపించి, ఇప్పుడు ఫొటో తీసుకోండి అంది.

ఇవేనా మీరు నాకు తెచ్చిచ్చిన నీళ్ళు అని అడిగాను. ఇవి ఇలాగే ఇస్తానా అండీ అని నవ్వింది. ఇంటికి తీసుకెళ్ళి, కుండ లోపల చిల్లగింజ అరగదీసి, ఆ నీళ్ళు పోసి, రాత్రంతా కదపకుండా ఉంచుతుందట. నలక అంతా అడుక్కి దిగాక, తెల్లారి పైతేట మాత్రం సీసాల్లోకి వంపుతుందట. వాళ్ళింట్లో చుట్టాలొస్తే ఇచ్చే నీళ్ళు అవే. మా మిషను కూడా చుట్టమే అయింది.

నాకు అరవాలనిపించింది. మురుగు కాలువ దగ్గర పట్టమన్నాను కదండీ అన్నాను, గొంతు లేచింది. ఆవిడ బిత్తరపోయింది. గెడ ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"పెద్దోళ్ళు చూస్తారన్నారు గదండీ. ఆ కుళ్ళు నీళ్ళు ఎలా ఇమ్మంటారండీ మీకు? కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారోళ్ళు పగలగొట్టించిన ఏడు ఆఫీసర్లొచ్చి, కొల్లేరు పాడుచేసింది మీరేనని మా మొహాన అన్నారండి. మళ్ళీ మా ఊరి నీళ్ళు చూస్తారంటే, మాట రాకూడదని ఇంత దూరం వచ్చి తెచ్చానండి. మీరు పొరపాటున ఆ మొగ పేరు చెప్పారనుకున్నానండి."

ఆవిడ చేసింది తప్పంటే నా నోట పురుగులు పడతాయి. తొమ్మిది వారాలు, ఒక్కో వారం రానూపోనూ రెండున్నర గంటలు గెడ వేసి, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆఫీసరు పరువుగా చూడాలని నీళ్ళు మోసింది. నేను బస్సు ఎక్కబోతూ రెండు నిమిషాలు మాట్లాడాను. ఈ ఇద్దరిలో సైన్సుకు ద్రోహం చేసిందెవరో పెద్ద చదువు లేనివాళ్ళు కూడా చెప్పగలరు.

అంతటితో అయిపోయినా బాగుండేది. ఇంటికి వచ్చాక రామకోటిగారు అరుగు మీద వల బాగుచేసుకుంటూ ఇంకో సంగతి చెప్పారు. పొలాలకు ఎరువు చల్లింది మొదలు పంట చేతికొచ్చేదాకా ఆ మురుగు వచ్చి పడి ఊరి ముందు చేపలు చస్తూనే ఉంటాయి. రేవులో నీళ్ళు తాగడానికి కాదు కదా, ఒంటికి పోసుకోవడానికి కూడా పనికిరావు. పోసుకుంటే దద్దుర్లు. అందుకే ఊరంతా కలిసి అర్జీ పెట్టుకున్నారు. ఆ కాలువను ఊరి రేవులో కలపకుండా, ఇంకో ముప్పావు మైలు తవ్వి అవతల పెద్ద పాయలోకి వదలమని. మూడేళ్ళు తిరిగారు. చివరికి ఏలూరు ఆఫీసులో, తాడేపల్లిగూడెం నుంచి నీళ్ళ పరీక్ష కాయితం రావాలి, అందులో నీళ్ళు చెడ్డవని ఉంటే తవ్విస్తాం అన్నారట.

"ఆ కాయితం ఇంకా రాలేదంటండి. మీరూ గూడెం నుంచే గదండీ, కాస్త ఎవరినైనా అడుగుతారా?" అన్నారు.

ఆ కాగితం వెళ్ళిపోయింది. దాని మీద సంతకం కూడా ఉంది. నేను దాచలేదు. అక్కడే, ఆ అరుగు మీదే కూర్చుని, సీసాల సంగతి మొదటి నుంచి చివరిదాకా వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాను. మొదట చెప్పాల్సిన రోజున చెప్పనిది ఆ రోజు పావుగంటలో చెప్పాను. ఆవిడకు అంతా అర్థమైంది. నత్రజనితో సహా. సుబ్బాయమ్మగారు తన చేతులు చూసుకుంటూ, "అయితే మా ఊరి నోట్లో మట్టి కొట్టింది నేనేనన్నమాటండి" అంది. కాదండీ, నేను, అన్నాను. నిజమే అన్నాను గాని, ఆ మాట వల్ల ఆవిడకు ఒరిగిందేమీ లేదు.

ఆ సాయంత్రమే మొగ దగ్గర నా చేత్తో రెండు సీసాలు పట్టుకుని తాడేపల్లిగూడెం వచ్చాను. మర్నాడు కోదండరామయ్యగారి బల్ల మీద పెట్టాను. ఆయన సీసాల వంక చూసి, మూతలు గట్టిగా పెట్టు తల్లీ, వాసనొస్తోంది అన్నారు. అంతా విన్నారు. కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే నాకు ఆయన మీద కొంచెం గౌరవం మిగిలేది.

ఆయన వాదన ఇది. ఆఖరి విడత ఎరువు వేసి ఐదు వారాలు దాటింది, మళ్ళకు నీళ్ళు ఆపేశారు, ఇప్పుడు పట్టిన నీళ్ళు దేనికీ రుజువు కావు. సరైన నీళ్ళు కావాలంటే వచ్చే దాళ్వా దాకా ఆగాలి. కంపెనీ ఆగదు. పైగా పొడి మంచిదని మనకు తెలుసు కదా. నిజంగా మంచి వస్తువుకు అంకెలు నాలుగు అటూ ఇటూ అయితే ఎవరికి నష్టం?

నష్టం చిట్టిలంకకండీ అన్నాను. వాళ్ళ అర్జీ మన రిపోర్టు మీద ఉందండీ అన్నాను.

"అమ్మా కెజియా, నువ్వు చిన్నదానివి, ఆవేశం ఉంటుంది. ఎరువు సగానికి తగ్గితే పదేళ్ళలో కొల్లేరే బాగుపడుతుందమ్మా. ఒక ఊరి రేవు కోసం జిల్లా అంతటికీ వచ్చే మేలు ఆపుతామా చెప్పు?"

ఎంత మెత్తగా చెప్పారో. మా వైపు మాట మెత్తన అని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెత్తదనం వెనక ఇంత కర్కశం దాక్కోగలదని నాకు ఆ రోజే తెలిసింది. మేలు వస్తుందో రాదో తేల్చడానికి కదా మేం నీళ్ళు పట్టించింది! ఆ పొడి మురుగును ఆపిందో లేదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఒకవేళ అది నిజంగా మంచిదే అయితే, దానికి కూడా అన్యాయం చేశాం. మంచి సరుకుకు దొంగ సాక్ష్యం చెప్పించి, రేపు ఎవరూ నమ్మకుండా చేశాం.

ఏలూరు వెళ్ళి ఇంజనీర్ల ఆఫీసులో అడిగాను. ఇంజనీరు చంద్రకళగారు క్యాంపులో ఉన్నారు. గుమాస్తా ఫైలు తీసి చూపించాడు. అర్జీ మూసేశారు. నీళ్ళు తాగడానిక్కూడా పనికొస్తాయని మీ రిపోర్టులోనే ఉందటండీ, ఇంక వాళ్ళకు కాలువెందుకండీ అని నన్నే అడిగాడు. రిపోర్టు తప్పండీ అని కాగితం రాసిచ్చాను. ఆఫీసు ముద్ర లేని కాగితం తీసుకోం, మీ డాక్టరుగారి చేత పంపించండి అన్నాడు. ఎవరి మీద ఫిర్యాదో ఆయన సంతకంతోనే రమ్మనడం! దొంగ చేతికి తాళం ఇవ్వడమంటే ఇదే.

ఏప్రిల్ మొదటి వారంలో సభ. ఏలూరులో పెద్ద హాలు, బయట షామియానా, జిల్లా నలుమూలల నుంచి డీలర్లు, రైతులు. ఆహ్వాన పత్రం రెండుసార్లు చదివాను. చివరి వరసలో 'పర్యావరణ సేవకురాలు శ్రీమతి సుబ్బాయమ్మకు సన్మానం' అని వేశారు. కోదండరామయ్యగారికి అంతా తెలుసు. తెలిసి తెలిసి వేశారు. శాలువా కప్పించుకున్న మనిషి తరవాత నోరెత్తదని ఆయన లెక్క. నేను చిట్టిలంక కబురు పంపాను, ఇష్టం లేకపోతే రావద్దండీ అని. వస్తానని తిరుగు కబురొచ్చింది.

వచ్చింది. ఇస్త్రీ మడత నలగని చీర కట్టుకుని, రామకోటిగారిని వెంటబెట్టుకుని, వెనక వరసలో కూర్చుంది. ముందు వరసలో చంద్రకళగారు ఉన్నారు. తెర మీద నా అంకెలు ఎర్రగా, పచ్చగా బొమ్మలై లేచాయి. ముందు ఏడాది పొడుగాటి ఎర్ర గీత, ఈ ఏడు చీమంత పచ్చ గీత. హాలంతా హమ్మయ్య అన్నట్టు కదిలింది. ఆ చీమంత గీత నడికొల్లేటి నీళ్ళదని అక్కడ నలుగురికి తెలుసు.

సుబ్బాయమ్మగారిని పిలిచారు. శాలువా కప్పారు. సభ నడిపిస్తున్న సౌజన్య అనే అమ్మాయి రెండు మాటలు చెప్పండి అని మైకు అందించింది. ఆవిడ మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"నేను తెచ్చిన నీళ్ళు మురుగు కాలవవి కాదండి. మురుగు నీళ్ళు బాగోవని, నడికొల్లేటికి పోయి, గుడ్డతో వడపోసి, చిల్లగింజ వేసి తేర్చి తెచ్చానండి. మా రేవు నీళ్ళు అవి కాదండి. మాది చెడ్డ నీళ్ళండి. కాలవ తవ్వించండి."

ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? ఒక్క మాట మింగలేదు, ఒక్క మాట తిప్పలేదు. కోదండరామయ్యగారు సౌజన్య వైపు వంగి ఏదో చెప్పారు. ఆ అమ్మాయి వెంటనే మైకు తీసుకుని నవ్వుతూ, "చూశారాండీ, మన పరీక్షల కోసం సుబ్బాయమ్మగారు నడికొల్లేటి దాకా పడవ మీద వెళ్ళారట! ఆవిడ శ్రమకు ఒక్కసారి గట్టిగా చప్పట్లు" అంది.

కొట్టారు. డీలర్లు కొట్టారు, రైతులు కొట్టారు, ముందు వరసలో ఆఫీసర్లు కొట్టారు. ఆవిడ చెప్పింది విన్నవాళ్ళే కొట్టారు. అన్ని చేతులు కలిసి ఒక మనిషి నోరు ఎలా మూయగలవో నేను కళ్ళారా చూశాను.

నేను లేచాను. ఎలా నడిచానో తెలియదు, మైకు నా చేతిలో ఉంది. ఆ రిపోర్టు రాసింది నేను, సంతకం నాది, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం, ఆ పచ్చ గీత అబద్ధం, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను అని చెప్పాను. చంద్రకళగారి వైపు తిరిగి, చిట్టిలంక అర్జీ ఈ అబద్ధం మీద మూశారండీ, తెరవండి అన్నాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మైకు ఆపేశారు, కానీ అప్పటికే చెప్పాల్సింది అయిపోయింది.

చంద్రకళగారు నిలబడ్డారు. మొహం ఎర్రబడింది. పాపం, ఆవిడా ఆ రిపోర్టును నమ్మి సంతకం పెట్టిన మనిషే. ఆ కోపం మా డాక్టరుగారి మీదికి పోవాలి, నా మీదికైనా రావాలి. కానీ కోపం ఎప్పుడూ పల్లానికే కదా పారేది!

"చదువురాని వాళ్ళ చేతికి సీసాలిస్తే ఇంతేనండి. వచ్చే దాళ్వాకు బాధ్యత తెలిసినవాళ్ళ చేత మళ్ళీ పట్టించండి, అప్పుడు ఫైలు చూద్దాం" అన్నారు.

"అదేనండి, అదే మా పొరపాటు. మనిషిని చూసి ఇవ్వాల్సింది" అన్నారు కోదండరామయ్యగారు. పది నిమిషాల కిందట ఆవిడకు శాలువా కప్పింది ఆ చేతులే.

అంటే ఇంకో ఏడాది. ఇంకో ఏడాది ఆ పచ్చటి నీళ్ళు ఊరి రేవులోనే పడతాయి. ఆ ఏడాదికి కారణం ఎవరని ఎవరైనా అడిగితే, చదువురాని సుబ్బాయమ్మ. అది కూడా ఏదో ఒక ఫైలులో రాసుకుంటారు.

సుబ్బాయమ్మగారు ఇంకా వేదిక మీదే ఉంది. శాలువా తీసి, చక్కగా నాలుగు మడతలు పెట్టి, డాక్టరుగారి కుర్చీ మీద ఉంచింది. మైకు పనిచేయడం లేదు, అయినా ఆవిడ గొంతు ముందు వరస దాకా వినిపించింది. గొంతు పెంచలేదు. అండీ అనడం కూడా మానలేదు.

"నాకు చదువు లేదు గానండి, ఏ నీళ్ళు ఎక్కడుంటాయో తెలుసండి. మీకు మురుగే కావాలని ముందే తెలిస్తే నాకు అంత దూరం గెడ వేసే పని తప్పేదండి. అది మా గుమ్మంలోనే ఉందండి. మీరు మనుషులు గదా, మంచినీళ్ళు ఇవ్వాలి అనుకున్నానండి. అదొక్కటే నేను చేసిన తప్పండి."

మెట్లు దిగి, రామకోటిగారి పక్కన నడుచుకుంటూ, మా అందరి మధ్య నుంచి బయటికి వెళ్ళిపోయింది. ఆవిడకు దారి ఇవ్వడానికి చంద్రకళగారు కూడా ఒక అడుగు వెనక్కి వేశారు.